అశోక్‌నగర్ ట్యాంకు మూతలు

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్‌లో నన్ను ఇప్పటికీ "దోమల మేడం" అనే పిలుస్తారు. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, మున్సిపాలిటీ మలేరియా విభాగంలో చేరి, తల నెరిసేదాకా మేడలెక్కి దిగితే చివరికి దక్కిన బిరుదు ఇది. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా అలా పిలవకపోతే వెలితిగా ఉంటుంది. బెండకాయలమ్మే ఆమె కొసరు వేసేది దోమల మేడానికే గానీ ఎమ్మెస్సీ మేడానికి కాదు.

ఈమధ్య మా విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు బర్కత్‌పురలో మా ఇంటికి వచ్చారు. "మేడం, ఈ పని అసలెట్లుంటదో జర చెప్పండి. ట్రెయినింగ్‌ల ఏం సమజ్ కాలే" అన్నారు. ట్రెయినింగ్‌లో చెప్పేదంతా దోమ గురించి. పనంతా మనుషులతో. వాళ్ళకు చాయ్ ఇచ్చి చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లూ బదిలీలూ నాకు గుర్తులేవు, గుర్తున్నా వాటితో మీకు పని లేదు.

ఇతరుల నీళ్ళలోకి తొంగిచూసే ఉద్యోగం

మలేరియా దోమ మురికి కాలవలో పుట్టదు. ఈ ఒక్క ముక్క జనానికి ఎక్కించడానికే నా సగం సర్వీసు సరిపోయింది. మన ఊళ్ళో మలేరియాను మోసే దోమకు తేట నీళ్ళు కావాలి. మేడ మీది ట్యాంకు, సంపు, కట్టే ఇంటి దగ్గరి నీళ్ళ తొట్టి, ఇవీ దాని పురుడు గదులు. "మీ ట్యాంకు చూడాలండీ" అంటే ఇంటావిడకు చర్రున కోపమొస్తుంది. "మా ఇల్లు అద్దమోలె ఉంటది, మా ఇంట్ల దోమలేంది?" అంటుంది. అద్దంలా ఉండే నీళ్ళే దానికీ కావాలమ్మా అంటే వినదు.

నా సంచిలో ఎప్పుడూ ఒక తెల్ల గిన్నె, పొడుగు కాడ గరిటె, టార్చిలైటు ఉండేవి. ట్యాంకులోంచి గరిటెడు నీళ్ళు తీసి గిన్నెలో పోసి కదలకుండా చూడాలి. మామూలు దోమ పిల్లలు తలకిందులుగా వేలాడతాయి. మలేరియా దోమ పిల్లలు నీటిపైన అడ్డంగా, చీపురుపుల్ల ముక్కల్లా పడుకుని ఉంటాయి. అంతే విద్య. దాన్ని పది నిమిషాల్లో నేర్పవచ్చు. మేడ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడం, వాళ్ళు నిద్ర లేచేదాకా మెట్ల మీద కూర్చోవడం వంటబట్టడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది.

ఇద్దరు సార్లు

నా మొదటి ఆఫీసర్ పెద్దాయన. మన దేశమంతా ఇంటింటికీ డీడీటీ కొట్టిన కాలంలో ఉద్యోగంలోకి వచ్చినవాడు. అప్పట్లో ప్రపంచ దేశాలన్నీ కూడబలుక్కుని మలేరియాను భూమ్మీద లేకుండా చేద్దామనుకున్నాయి. దాదాపు చేశాయి కూడా. తర్వాత డబ్బు తగ్గింది, ధ్యాస తగ్గింది, జ్వరం తిరిగొచ్చింది. ఆ సంగతి ఆయన పదే పదే చెప్పేవాడు. "ఎక్కువ కేసులున్నప్పుడు అందరూ పరుగెడతారమ్మా. ఆఖరి నాలుగు కేసుల దగ్గర అలసిపోతారు. నువ్వు అక్కడ అలసిపోకు" అనేవాడు. మన హైదరాబాద్‌కి మరీ బాధ్యత ఉందనేవాడు. దోమ పొట్టలో మలేరియా క్రిమి మొట్టమొదట కంటబడింది హుస్సేన్‌సాగర్‌కి అవతల, మన సికింద్రాబాద్‌లోనే కదా. దొరికిన ఊళ్ళోనే దాన్ని సాగనంపకపోతే సిగ్గుచేటు అని ఆయన వాదన.

2009లో నేను చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ చూసే యూనిట్‌కి వచ్చేసరికి ఆయన రిటైరైపోయాడు. కొత్త ఆఫీసర్‌కి మా సిబ్బంది పెట్టిన పేరు పొగ సార్. గుంటూరు వైపు మనిషి, చెడ్డవాడు కాడు. కానీ ఎక్కడ జ్వరమన్నా పొగ మిషన్ పంపేవాడు. వీధంతా తెల్లగా కమ్ముకుంటే పిల్లలు కేరింతలు కొడతారు, లీడర్లు ఫోటో దిగుతారు, అందరికీ పని జరిగినట్టుంటుంది. పొగకు ఎగిరే దోమలు కొన్ని చస్తాయి. ట్యాంకులోని దోమ పిల్లలు హాయిగా ఈదుతూ ఉంటాయి. నేను ఈ మాట మీటింగుల్లో అన్నప్పుడల్లా ఆయన, "మేడం, మీరు చెప్పేది నిజమేనండీ, కానీ ట్యాంకు మూత మూసినట్టు ఫోటో తీస్తే పేపరోడు వేస్తాడా చెప్పండి?" అనేవాడు. నేను పళ్ళు నూరుకునేదాన్ని.

"జరపోళ్ళు"

2012 వానాకాలం అశోక్‌నగర్‌లో ఒక సందులో జ్వరాలు మొదలయ్యాయి. ఆ సందు చివర అపార్ట్‌మెంటు కడుతున్నారు. పాలమూరు నుంచి వచ్చిన కూలి కుటుంబాలు ఆ స్థలంలోనే రేకుల గుడిసెలు వేసుకుని ఉండేవి. మిగతా సందంతా హాస్టళ్ళు. గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదివే పిల్లలతో ప్రతి గదీ కిక్కిరిసి ఉండేది. మొదట గుడిసెల్లో నలుగురైదుగురి రక్తంలో మలేరియా దొరికింది. తర్వాత హాస్టల్ పిల్లలకూ వచ్చింది.

ఇంకేముంది, తీర్పు చెప్పేశారు. కాలనీ సంఘం సెక్రటరీ పురుషోత్తం గారు ఆ సందులో రెండు హాస్టళ్ళకు ఓనరు. ఆయన నేరుగా పొగ సార్ దగ్గరికి పోయి, "ఆ గుడిసెలోళ్ళు ఊర్లకెల్లి జరం మోసుకొచ్చిన్రు సార్. వాళ్ళను లేపితె అంతా ఠీక్ అయితది" అన్నాడు. అదే సమయానికి మరో పిడుగు పడింది. మలేరియా నిర్మూలన పనులు చూడటానికి వేరే దేశాల నిపుణుల బృందం వస్తోంది, మా యూనిట్ కూడా చూస్తారట. పొగ సార్‌కి చెమటలు పట్టాయి. వాళ్ళు వచ్చేలోగా గుడిసెలు తీయించేస్తే కేసులూ కనపడవు, గుడిసెలూ కనపడవు. శనివారానికల్లా ఖాళీ చేయించమని బిల్డర్‌కి చెప్పేశాడు.

నేను గుడిసెల దగ్గరికి వెళ్ళేసరికి బాలమణి రాళ్ళ పొయ్యి మీద సంకటి కెలుకుతోంది. సైటులో ఇటుకలు మోసే మనిషి, ముప్పై ఏళ్ళుండొచ్చు, నోరు మంచిది కాదని మేస్త్రీ కంప్లయింటు. నాకు మాత్రం ఆ నోరంటే ఇష్టం. ఆమె భర్త కుర్మయ్య స్లాబుకు ఇనుప సలాకలు వంచి కట్టే పనివాడు. అతనికి మలేరియా తగిలి మందు నడుస్తోంది. ఈ రకం మలేరియాకు జ్వరం తగ్గాక కూడా రెండు వారాలు మాత్రలు మింగాలి. లేకపోతే క్రిమి కాలేయంలో దాక్కుని మళ్ళీ లేస్తుంది.

"మేడం, మేం తెచ్చినమా జరాన్ని?" అంది గరిటె పైకెత్తి. "ఎండకాలం వచ్చినం. మా ఊర్ల ఎవ్వలికి లేదు, తొవ్వల లేదు. గీడికొచ్చినంకనే వట్టింది. మమ్ములను జరపోళ్ళు అంటున్నరు. నల్లా కాడికి పోతె బిందె పక్కకు జరుపుతున్నరు."

"ఇక్కడి నుంచి పొమ్మంటె ఎక్కడికి పోతరు?"

"మేస్త్రీ ఇంకో జట్టును తెస్త అంటుండు. మేం ఊరికి పోవాలె, ఏంజేస్తం? ఈయన గోలీలు సగంల ఉన్నయి. గాడ ఎవలిస్తరు?"

ఆ ప్రశ్నకి నాకు నిద్రపట్టలేదంటే నమ్మండి. వాళ్ళను తరిమితే సగం మందు మింగిన మనిషి జ్వరాన్ని ఇంకో ఊరికి మోసుకుపోతాడు. అప్పుడు పురుషోత్తం గారి మాట నిజంగానే నిజమవుతుంది. పైగా ఈ సందులో జ్వరం ఎలాగూ తగ్గదు, ఎందుకంటే ఆ దోమ వీళ్ళ దగ్గర పుట్టడం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. సైటులో తొట్లన్నీ, స్లాబు మీద నిలబెట్టే నీళ్ళన్నీ ప్రతి శుక్రవారం ఎండగట్టించేదాన్ని. మేస్త్రీ మీద అరిచి గొంతు పోయింది గానీ అక్కడ ఒక్క దోమ పిల్ల కూడా లేదు. మరి ఎక్కడ పుడుతోంది? హాస్టళ్ళ ట్యాంకులకు మూతలు గట్టిగా ఉన్నాయని మా వాళ్ళు వారం వారం చూసి వస్తున్నారు. మూత ఉన్న ట్యాంకు తెరవకూడదని మా ఆఫీసులో ఎప్పటి నుంచో కట్టుబాటు. తాగే నీళ్ళలో పరాయివాళ్ళు చెయ్యి పెడితే ఓనర్లు రచ్చ చేస్తారు కదా, ఆ భయం.

సాయంత్రపు చదువు

బుధవారం సాయంత్రం పురుషోత్తం గారి హాస్టల్‌కి వెళ్ళాను. సైదులు అని నల్లగొండ పిల్లవాడు, గ్రూప్ టూకి చదువుతున్నాడు, మలేరియా మందు సరిగ్గా మింగడం లేదని తెలిసింది. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుందని, చదువు పాడవుతుందని వాడి భయం. గదిలో లేడు.

"సైదులన్న మీదున్నడు మేడం, సదువుకుంటుండు" అన్నాడు పక్క మంచం పిల్లవాడు.

మామూలుగా మేం ట్యాంకులు చూసేది పొద్దున. మా డ్యూటీ మధ్యాహ్నంతో సరి. సాయంత్రం మేడ మీదికి వెళ్ళడం అదే మొదటిసారి. మెట్లెక్కి తలుపు తోసి అలాగే నిలబడిపోయాను.

మేడ నిండా పిల్లలు. పుస్తకాలు, నోట్సులు, చాయ్ గ్లాసులు. ప్రతి ఒక్కడి కింద నల్లటి గుండ్రటి ప్లాస్టిక్ మూత. కొందరు దాని మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నారు, ఒకడు బోర్లా పెట్టి దాని మీద మ్యాపు పరిచాడు. వాళ్ళ వెనక వరసగా నీళ్ళ ట్యాంకులన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"ఏంది నాయనా ఇది?" అన్నాను.

సైదులు గబుక్కున లేచాడు. "స్లాబు తడిగుంటది మేడం. కుర్చీలు మీదికి తేనియ్యరు. దీని మీద కూసుంటే మంచిగుంటది, తిరుగుతది గూడ" అని, కూర్చుని ఒక చుట్టు తిరిగి చూపించాడు.

"మరి పొద్దున మూతలుంటయి కదా?"

"పొద్దుగాల వాచ్‌మెన్ పెట్టేస్తడు మేడం. ఓనర్ సారు చూస్తె లొల్లి వెడతడు."

దోమ గుడ్లు పెట్టేది పొద్దు గుంకాక. పొద్దు గుంకేసరికి ట్యాంకులు తెరుస్తున్నారు, తెల్లారి మా వాళ్ళు వచ్చేసరికి మూస్తున్నారు. నేను గిన్నె తీసి మొదటి ట్యాంకులో గరిటె ముంచాను. చీపురుపుల్ల ముక్కలు, అడ్డంగా, బోలెడు. రెండోదాన్లోనూ అంతే. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గంతెయ్యలేదు గానీ సైదులు మూత లాక్కుని దాని మీద కూర్చుని ఒక్క చుట్టు తిరిగాను. పిల్లలు నన్ను చూసి, మేడానికి కూడా జ్వరం తలకెక్కిందనుకుని ఉంటారు.

ఇక్కడ మీకొక మాట. ఆ పిల్లల మీద నాకు కోపం రాలేదు, మీకూ రాకూడదు. ఇరుకు గదిలో ఊపిరాడక, గాలి కోసం మేడెక్కి, తడి స్లాబు మీద కూర్చోలేక చేసిన పని అది. వాళ్ళకు పీట కావాలి, అక్కడ పీటలా కనిపించింది మూత. మనం మనుషుల ఇళ్ళకి మన డ్యూటీ టైములో వెళ్తాం. వాళ్ళ బతుకు వేరే టైములో నడుస్తుంది. ఆ టైములో వెళ్ళకపోతే ఏమీ తెలియదు.

తెల్ల గిన్నె

మర్నాడు సాయంత్రం అదే హాస్టల్ కింద పురుషోత్తం గారి ఆఫీసు గదిలో మీటింగు. ట్యాంకుల సంగతి అప్పటిదాకా నేనెవరికీ చెప్పలేదు, పిల్లలకు కూడా. పొగ సార్ వచ్చాడు. శనివారం ఖాళీ చెయ్యాలన్న సంగతి చెప్పడానికి బాలమణినీ కుర్మయ్యనూ పిలిపించి గుమ్మం దగ్గర నిలబెట్టారు. అందరికీ చాయ్ వచ్చింది. పురుషోత్తం గారు రెండు గుక్కలు తాగి, "ఇగ చెప్పండి సార్, ఎప్పుడు లేపుతున్నరు?" అన్నాడు.

నేను సీసాలో తెచ్చిన నీళ్ళు తెల్ల గిన్నెలో పోసి బల్ల మీద పెట్టాను. "పురుషోత్తం గారూ, ఈ నీళ్ళు జర చూడండి."

వంగి చూసి మొహం చిట్లించాడు. "ఛీ, పురుగులు. గుడిసెల కాడ పట్టుకొచ్చిన్రా?"

"మీ మేడ మీదికెల్లి. మీరు తాగుతున్న చాయ్ గూడ గా నీళ్ళదే."

గ్లాసు బల్ల మీద ఠపీమని పడింది. గుమ్మం దగ్గర బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆపుకోలేక మళ్ళీ నవ్వింది.

"మా ట్యాంకులకు మూతలున్నయి! మీవోళ్ళే చూసి రాసిన్రు!" అని ఆయన గయ్యిమన్నాడు.

"పదండి, మీదికి పోదాం" అన్నాను. ముందు ఆయన, వెనక పొగ సార్, నేను, మా వెనక బాలమణి దంపతులు. తలుపు తీసేసరికి మేడ మీద చదువు జోరుగా నడుస్తోంది. ఓనర్‌ని చూడగానే పిల్లలంతా ఒక్కసారి లేచారు, ఎవడి మూత వాడు చంకలో పెట్టుకుని. పురుషోత్తం గారు "నా మూతలు!" అని ఒక్క కేక పెట్టి తెరిచిన ట్యాంకుల వైపు చూశాడు.

పొగ సార్ నన్ను పక్కకు పిలిచాడు. "ఏవండీ, వచ్చేవారం విదేశాల వాళ్ళొస్తున్నారు. ఇది బయటపడితే మన పరువేం కానండీ?"

"సార్, పరువు నీళ్ళల్లనే తేలుతున్నది, మీరే చూస్తున్నరు. దాచుడెందుకు? వాళ్ళకు ఇదే చూపిద్దాం. పట్టుకున్నది మనమే కదా." ఆయన గడ్డం గోక్కున్నాడు. చివరికి, "గుడిసెల సంగతి వదిలేద్దాం లెండి" అన్నాడు. ఆ మాటకు ఆయన పొగ మిషన్లన్నీ నేను క్షమించేశాను.

పని అక్కడితో అయిపోలేదు. ట్యాంకులు కడిగిస్తాం సరే, రేపు సాయంత్రం పిల్లలు మళ్ళీ మూతలు తీస్తారు. నేను కుర్మయ్య వైపు చూశాను. "సలాకలు కట్టే తీగతోని ఈ మూతలు కట్టొస్తదా?" వంగి మూత అంచు తడిమి, "ఎందుకు రాదు? పట్కారు లేంది ఊడిరాదు" అన్నాడు.

బాలమణి అడ్డం వచ్చింది. "ఆగు. మమ్ములను వెళ్ళగొట్టుమన్నోళ్ళ మిద్దెలు మేమెందుకెక్కాలె మేడం?"

న్యాయమైన ప్రశ్న. "నువ్వు ఎక్కకపోతె ఆ దోమ దిగొచ్చి నీ మొగుణ్ణే కుడతది" అన్నాను.

ఆమె కొంగు నడుముకు చుట్టింది. "గదీ నిజమే. అయితె సారునే అడుగుమనండి. జరపోళ్ళని అన్న నోటితోనే అడగాలె."

మేడ మీద పిల్లలంతా చూస్తున్నారు. పురుషోత్తం గారు గొంతు సవరించుకుని, ఎటో చూస్తూ, "జర కట్టిపోండమ్మా" అన్నాడు.

"వినవడలే సారూ."

"కట్టిపోండమ్మా, మీకు దండం వెడత!" అన్నాడు గట్టిగా. సైదులు చప్పట్లు కొట్టాడు, మిగతావాళ్ళూ అందుకున్నారు.

శుక్రవారం నుంచి ఆ సందులో మేడ మేడకీ కుర్మయ్య జట్టు ఎక్కింది. ట్యాంకులు కడగడం, మూతలు తీగతో బిగించడం. ఇటు అశోక్‌నగర్ అయ్యాక అటు చిక్కడపల్లి, ఆ తర్వాత నారాయణగూడ హాస్టళ్ళు. పిల్లలకు పీటలు కావాలి కదా, ఖాళీ సిమెంటు సంచులు మడిచి కుట్టి దిండ్లలా చేసే పని బాలమణి మొదలుపెట్టింది. సూదీ దారం నేనిచ్చాను. ఆ దిండ్లు ఆమె ఉచితంగా మాత్రం ఇవ్వలేదు, ఒక్కోదానికి హాస్టల్ ఓనర్ల దగ్గర ముక్కుపిండి వసూలు చేసింది.

దోమతెరలూ ట్యాంకు మూతలూ

విదేశీ బృందం రానే వచ్చింది. వాళ్ళలో ఆఫ్రికాలో ఏదో దేశపు డాక్టరమ్మ ఒకరు, పొడగరి, మెట్లెక్కడంలో మా అందరికంటే చురుకు. పొగ సార్ పొగ మిషన్ చూపించబోతే చెయ్యూపి, మూతకు కట్టిన తీగ పట్టుకుని చూసింది. ఇదెందుకని అడిగింది. నేను మూతల కథ మొత్తం నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. విని కన్నీళ్ళొచ్చేలా నవ్వింది.

వాళ్ళ దేశంలో మలేరియా కోసం ఊళ్ళకు ఊళ్ళు దోమతెరలు పంచారట. వెళ్ళి చూస్తే కొందరు వాటితో చేపలు పడుతున్నారట, కొందరు టమాటా మళ్ళకు చుట్టారట. మొదట్లో వాళ్ళను తిట్టారట. తర్వాత వలలు ఎవరికి లేవో కనుక్కుని, వాళ్ళకు వలలిచ్చాక దోమతెరలు మంచాల మీదికి వచ్చాయట. "మీరు పీటలిచ్చారు, మేం వలలిచ్చాం" అంది. ప్రపంచమంతా కలిసి చేసే ఇంత పెద్ద పని చివరికి వచ్చి ఆగేది ఇలాంటి చోటే. ఆ రోజు ఆ మేడ మీద నేను నా మొదటి ఆఫీసర్ పెద్దాయన్ని తలుచుకున్నాను. ఆమె కుర్మయ్యతో తీగ ముడి నేర్చుకుని, తీగ మెలిపెట్టే అతని ఇనుప కొక్కెం ఒకటి అడిగి మరీ తీసుకుపోయింది.

కుర్మయ్య మాత్రలు పూర్తయ్యాయి. సైదులు చేత నేనే దగ్గరుండి మింగించాను. మరుసటి వానాకాలం ఆ సందులో జ్వరం వచ్చిన ప్రతి మనిషి రక్తమూ చూశాం. ఒక్క దాంట్లోనూ మలేరియా లేదు. ల్యాబులో చివరి స్లైడు చూసి తలెత్తి, టెక్నీషియన్‌ని కౌగిలించుకున్నాను. పాపం, ఆమె భయపడింది.

ఆ ఏడాది చివర్లో అపార్ట్‌మెంటు పూర్తయింది. గుడిసెల రేకులు విప్పి లారీలో వేస్తున్నారని తెలిసి వెళ్ళాను. అక్కడ పురుషోత్తం గారు నాకంటే ముందే ఉన్నాడు.

"బాలమణీ, జర ఆగరాదు? పక్క సందుల ఇంకో పని దొరుకుతది, నేను మాట్లాడత. మీరు పోతె ట్యాంకులు ఎవలు చూస్తరు?" అంటున్నాడు.

బాలమణి ఆ ఏడాదే పుట్టిన చంటిదాన్ని లారీ మీదున్న కుర్మయ్యకు అందించి, తనూ లారీ ఎక్కి, రేకుల మీద సర్దుకుని కూర్చుంది. "అప్పుడు పొమ్మన్నరు, పోలే. ఇప్పుడు ఉండుమంటున్నరు, ఉండం. మా పనైపోయింది సారూ." లారీ కదిలింది. ఆమె వెనక్కి తిరిగి సందంతా వినపడేలా అరిచింది. "జరాన్ని మేం తెచ్చింది లేదు, ఇప్పుడు తీస్కపోయేది లేదు! మూతలు మంచిగ చూస్కోండ్రి!"

పురుషోత్తం గారు లారీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి పట్కారు తీసుకుని మేడెక్కాడు.